డిస్టిల్డ్ వాటర్ సీసాలో బోరు నీళ్ళు

నా సర్వీసులో పన్నెండు మంది పిల్లలను పెద్ద పెద్ద సైన్సు సంస్థలకు పంపించానని ఆత్మకూరులో చెప్పుకుంటూ ఉంటాను. మీ వయసు వాళ్ళు ఎవరైనా ఫెలోషిప్పు అప్లికేషను పట్టుకొని సలహా కోసం వస్తే ఆ పన్నెండు కాస్తా పదిహేను కూడా అవుతుంది. ఇప్పుడు కాగితం మీద రాస్తున్నాను కాబట్టి సరిచూసుకొని చెబుతున్నాను: ఒక్కరు. ఆ ఒక్క అమ్మాయి కూడా నా వల్ల వెళ్ళిందా, నేను అడ్డం పడినా వెళ్ళిందా అన్నది చదివాక మీరే తేల్చండి.

ఉదయగిరిలో ఒక ఎయిడెడ్ డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాణ్ణి. ఆ కాలేజీ ఇప్పుడు లేదు, ఆ మేడలో వేరే ఏదో నడుస్తోంది. కాపురం ఆత్మకూరులో. పొద్దున బస్సెక్కి ఉదయగిరి, సాయంత్రం బస్సెక్కి ఆత్మకూరు. ఇరవై ఆరేళ్ళు అలా తిరిగాను. పాఠం కన్నా బస్సులోనే ఎక్కువ కాలం గడిపిన లెక్చరర్ని నేను.

సిఫారసు ఉత్తరాలు రాయడంలో నాకు కాలేజీ అంతటా పేరుండేది. నా ఇంగ్లీషు గొప్పదని కాదు. నాకు ముందు ఆ కుర్చీలో కూర్చున్న పెద్దాయన రిటైరవుతూ ఒక నమూనా ఉత్తరం ఇచ్చి వెళ్ళాడు. నాలుగు పేరాలు. 'నా ఉద్యోగ జీవితం మొత్తంలో ఇంతటి ప్రతిభ గల విద్యార్థిని చూడలేదు' అన్న వాక్యం మూడో పేరాలో ఉండేది. పేరు మార్చడం, సంతకం పెట్టడం, స్టాంపు కొట్టడం, ఇంతే నా పని. బి.ఎడ్.కు వెళ్ళేవాడికీ అదే ఉత్తరం, విత్తనాల కంపెనీలో చేరేవాడికీ అదే. ఆ విధంగా నా జీవితంలో చూడని ప్రతిభావంతులు మా కాలేజీలో ఏటా పదిమందైనా తయారయ్యేవాళ్ళు. వాటిని ఎవరూ చదవరని నా గట్టి నమ్మకం.

రిటైర్మెంటుకు నాలుగు నెలలుందనగా ఫైనలియర్ అమ్మాయి ఒకతె ఫోను పట్టుకొని స్టాఫ్ రూముకు వచ్చింది. దుత్తలూరు అవతల ఒక మెట్ట పల్లె ఆమెది. తల్లి అంగన్‌వాడీలో ఆయా, తండ్రి వానమీద ఆధారపడిన సేద్యగాడు. ఆదివారం చర్చిలో కీబోర్డు వాయిస్తుందని తోటి పిల్లలు చెప్పేవాళ్ళు. క్లాసులో మాత్రం నోరు విప్పేది కాదు, విప్పితే ప్రశ్నే.

"సార్, మనమాదిరి కాలేజీ వాళ్ళు దీనికి పెట్టుకోవచ్చా?"

"ఏందమ్మా అది?"

"ఫెలోషిప్పు సార్. ఎమ్మెస్సీ, ఆ పైన రీసెర్చి. హాస్టలు, స్టైపెండు అన్నీ వాళ్ళే ఇస్తారంట. ఇంటర్వ్యూ ఉంటాది. చదువు చెప్పిన సారు ఒకరు లెటరు రాయాలంట."

"లెటరుకేముంది, రాసేస్తాను. మరి ఇది రాకపోతే?"

"పామూరులో ప్రైవేటు స్కూల్లో మాట్లాడి పెట్టినాడు నాయన. జూన్లో చేరాల. ఒకసారి చేరితే ఇంక అంతే సార్. మళ్ళీ పుస్తకం పట్టుకునేది ఉండదు."

ఆ మాట ఏడుస్తూ చెప్పలేదు. బస్సు టైము చెప్పినట్టు చెప్పింది. దానికి పెట్టుకోమన్నాను.

అదే వారం మరో అభ్యర్థి తయారయ్యాడు. ఆత్మకూరులో మా వీధి పెద్దరైతు కొడుకు. వాళ్ళ ఇంటికి సర్పంచులూ, ఎమ్మెల్యే మనుషులూ వచ్చిపోతుంటారు. ఆత్మకూరులోనే చదవగలిగినవాణ్ణి, "సారు కళ్ళముందర ఉంటాడు" అని తండ్రి నా వెంట ఉదయగిరికి తగిలించాడు. కుర్రవాడు బుద్ధిమంతుడు. పొద్దునే బస్సులో తువ్వాలు వేసి నాకు కిటికీ సీటు ఆపేవాడు. రికార్డు ముత్యాల్లాంటి రాతతో రాసేవాడు. ప్రాక్టికల్స్‌లో వాడికి వచ్చే రీడింగు ఎప్పుడూ నా దగ్గర ఉన్న జవాబుకు అచ్చంగా సరిపోయేది.

ఉత్తరాలు పెట్టమని ఆ సంస్థ నుంచి నా మెయిలుకు లింకు వచ్చింది. ఇద్దరికీ నాలుగు పేరాలు అతికించాను. పంపించాను. పది నిమిషాల పని.

ఒక నెల గడిచింది. ఒక సోమవారం పొద్దున బస్సు ఇంకా ఆత్మకూరు దాటలేదు. పక్కన కూర్చున్న మా వీధి అబ్బాయి ఫోను చూస్తూ, "సార్, మీరు మెయిలు చూసుకున్నారా?" అన్నాడు.

"నాకు మెయిళ్ళు ఎవరు పెడతార్రా?"

"వెబ్‌సైటులో మా ఇద్దరి పేర్లకీ 'రెఫరీ నుంచి వివరణ రావాలి' అని చూపిస్తా ఉండాది సార్. నాలుగు రోజులనుంచీ. ఇయ్యాల్టితో ఆఖరు."

రెఫరీ అంటే నేను. నా ఫోను తీసుకొని వాడే మెయిలు తెరిచి నా చేతిలో పెట్టాడు, మర్యాదగా ముఖం కిటికీవైపు తిప్పుకున్నాడు. ఇంటర్వ్యూకు పిలవబోయే వాళ్ళ జాబితాలో ఇద్దరూ ఉన్నారు. సంతోషించాల్సిన విషయమే. కానీ కింద రెండు ప్రశ్నలున్నాయి. మొదటిది: మీరు ఇద్దరు విద్యార్థులకు రాసిన ఉత్తరాలు అక్షరం పొల్లుపోకుండా ఒకటే, మీ సర్వీసు మొత్తంలో చూడని ప్రతిభ ఇద్దరిలోనూ ఒకేసారి ఎలా కనిపించింది? రెండోది: ఈ అమ్మాయికి థియరీలో అన్నిటా మంచి మార్కులు, ప్రాక్టికల్స్‌లో మాత్రం అత్తెసరుగా ఉన్నాయి, ప్రయోగాలే ప్రాణంగా నడిచే కోర్సుకు ఈ అమ్మాయి ఎలా పనికొస్తుంది? సాయంత్రం ఐదు లోపల మీ వివరణ రాకపోతే ఉత్తరాలు అందనట్టే లెక్క. ఉత్తరం లేని అప్లికేషను చెల్లదు.

కాబట్టి ఎవరో చదివారు. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి.

బస్సు కదులుతున్నంతసేపూ నాకు కాలు నిలవలేదు. ముందు సీటు కమ్మీ పట్టుకొని రెండుసార్లు లేచి నిలబడి మళ్ళీ కూర్చున్నాను. కండక్టరు, "ఏంది సార్, దిగుతారా?" అన్నాడు. మొదటి ప్రశ్నకు సిగ్గుపడి ఏదో రాయవచ్చు. నన్ను లేపి నిలబెట్టింది రెండోది. ఆ మార్కులు ఎందుకు తగ్గాయో ఈ లోకంలో నాకన్నా బాగా తెలిసినవాడు లేడు.

చెబుతాను. మా లాబులో నీళ్ళను మరిగించి డిస్టిల్డ్ వాటర్ తీసే యంత్రం చెడిపోయి ఏడేళ్ళయింది. కొత్తది కావాలని రెండుసార్లు రాశాను, రాలేదు, ఊరుకున్నాను. స్టాకు రిజిస్టరులో మాత్రం ఏటా 'పనిచేయుచున్నది' అని సంతకం పెట్టాను. పనిచేయడం లేదని రాస్తే ఎందుకు చేయడం లేదో కూడా రాయాలి. మా అటెండరు ఏం చేస్తాడు పాపం, ఆ పెద్ద సీసాను కాలేజీ బోరు నీళ్ళతో నింపేవాడు. ఉదయగిరి బోరు నీళ్ళంటే మీకు చెప్పాలా? కాచిన గిన్నెకు తెల్లగా సున్నం పడుతుంది.

నీటి కాఠిన్యం కొలిచే ప్రయోగం ఒకటుంది. అందులో కలిపే నీళ్ళలో ఏమీ ఉండకూడదు. మా సీసాలో కొండంత సున్నం ఉంది. కాబట్టి ఎవరు చేసినా రీడింగు ఎక్కువే వస్తుంది. మరి ఏడేళ్ళుగా అందరికీ సరైన జవాబు ఎలా వచ్చింది? యంత్రం బాగున్న రోజుల్లో వచ్చిన అంకె ఒకటి సీనియర్ల నుంచి జూనియర్లకు అందుతూ ఉండేది. టైట్రేషన్ చేస్తారు, వచ్చింది కొట్టేస్తారు, ఆ అంకె రాస్తారు. నేను మార్కులేస్తాను. ఎవరికీ బాధ లేదు.

దుత్తలూరు అమ్మాయికి బాధ కలిగింది. తనకు వచ్చినదే రాసేది. తప్పని దిద్దితే మళ్ళీ చేసేది. ఒకరోజు రెండు ఫ్లాస్కులు తెచ్చి నా బల్లమీద పెట్టింది. రెంటిలోనూ ఉత్త నీళ్ళు, ఆ ప్రయోగంలో వాడే రంగుమందు. ఒకటి నీలంగా ఉంది, రెండోది ఎర్రగా ఉంది.

"ఏందమ్మా ఇది?"

"నీలంది బస్టాండు కాడ బ్యాటరీ షాపులో కొన్న నీళ్ళు సార్. ఎర్రది మన సీసాలోది. శుద్ధమైన నీళ్ళయితే నీలంగా ఉండాల గదా? మన నీళ్ళలోనే ఏదో ఉండాది. బ్యాటరీ నీళ్ళతో చేస్తే మీరు చెప్పే అంకె వస్తా ఉండాది సార్."

ఆ రోజు నేను లేచి ఆ అమ్మాయి వీపు తట్టానని ఒక వీడ్కోలు సభలో చెప్పాను. తట్టలేదు. "సిలబస్‌లో ఉండేది చెయ్యి. బ్యాటరీ షాపుల వెంట తిరగబాక," అన్నాను. చుట్టూ పిల్లలు నవ్వారు. పరీక్షలో ఆమె తనకొచ్చిన రీడింగు రాసి, ప్రయోగశాల నీటిలో ఇంత కాఠిన్యం ఉంది, దాన్ని తీసేస్తే ఇంత అని కింద ఒక వాక్యం రాసింది. ఎర్ర సిరాతో ఆ వాక్యం కొట్టేశాను. బయటినుంచి వచ్చిన ఎగ్జామినరు భోజనం బాగుందన్నాడు, నేను వేసిన మార్కుల కింద సంతకం చేశాడు.

అదీ సంగతి. నాలుగు పేరాల్లో నేను అబద్ధంగా రాసిన ప్రతిభ నిజంగానే నా బల్లమీదికి వస్తే, నవ్వించి పంపించాను.

కాలేజీ చేరేసరికి పదవుతోంది. తిన్నగా ప్రిన్సిపాలు గదికి వెళ్ళాను. ఆయన నాకన్నా పదేళ్ళు చిన్న. మెయిలు చూపించి, ఉన్నది ఉన్నట్టు రాద్దామనుకుంటున్నానని అన్నాను.

"మీరు పెద్దోళ్ళు సార్. మూడు నెలల్లో శాలువా కప్పించుకొని పోయే మనిషి. మా లాబులో డిస్టిల్డ్ వాటర్ లేదని మన చేత్తో మనమే రాసిస్తామా? వాళ్ళు దాన్ని యాడికి పంపిస్తారో మనకేం తెలుసు? రేపు ఎవడో వచ్చి స్టాకు రిజిస్టరు తీస్తాడు. అందులో సంతకం ఎవరిది?"

"నాది."

"దాని కింద?"

"మీది."

"మరి?"

నేను బల్ల గుద్ది, ఒక పిల్ల భవిష్యత్తు కన్నా నా పింఛను ఎక్కువా అని అడిగానని మా బంధువుల్లో చాలామంది నమ్ముతున్నారు. బల్లకేమీ కాలేదు. "అట్లాగే సార్" అని బయటికి వచ్చాను.

వరండాలో ఆ చివరినుంచి ఈ చివరికి తిరిగాను. ఒక టీ తెప్పించాను. చల్లారిందని ఇంకొకటి తెప్పించి అదీ చల్లార్చాను. అప్పుడొక ఉపాయం తోచింది. ఉపాయాలకు నాకు కొదవ లేదు. అమ్మాయిని పిలిపించి మెయిలు సంగతి చెప్పాను.

"కంగారు పడబాక. ప్రాక్టికల్ రోజు నీకు జ్వరం అని రాస్తాను. అందుకే మార్కులు తగ్గినాయని."

"నాకు జరం రాలేదే సార్."

"రాకపోతే ఏందమ్మా? రాస్తే వచ్చినట్టే."

"ఇంటర్వ్యూలో అడిగితే నేనేం చెప్పాల సార్? జరం అని నేను చెప్పలేను. నాకు నోరు తిరగదు. సార్, ఒక్కటి అడగతా. నేను రాసింది తప్పా?"

"తప్పు కాదు."

"అయితే అదే రాయండి."

"అది రాస్తే..." అన్నాను. ఆ వాక్యం పూర్తి చేయలేకపోయాను. ఏమని పూర్తి చేయాలి? అది రాస్తే నాకు ఇబ్బంది, రాయకపోతే నీకు. ఆమె కూడా పూర్తి చేయమనలేదు. చేతులు కట్టుకొని నిలబడింది, కాసేపటికి వెళ్ళిపోయింది. నన్ను బతిమాలి ఉంటే కోపం తెచ్చుకొని బయటపడేవాణ్ణి.

మధ్యాహ్నం రెండు దాటింది. లాబులో కంప్యూటరు ముందు కూర్చొని ఉంటే అటెండరు వచ్చాడు. నా ఈడువాడే, చదువు ఐదో తరగతి. అమ్మాయి చెప్పిందో, గోడలు చెప్పాయో, అతనికి సంగతంతా తెలిసిపోయింది.

"సార్, అంత గిజగిజలాడతా ఉండారెందుకు? బోరు నీళ్ళు పోసింది నేను గదా. నేనే తెలవక పోసినానని రాయండి. చదువు లేనోణ్ణి, నన్నేం చేస్తారు?"

మీరు నన్ను మంచివాడనుకునే ప్రమాదం ఉంది కాబట్టి ఇది దాచను. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇంతకన్నా మంచి దారి ఏముంది? అమ్మాయి గట్టెక్కుతుంది, నేను గట్టెక్కుతాను. టకటకా కొట్టాను: నాకు తెలియకుండా మా అటెండరు, అతని పేరు, డిస్టిల్డ్ వాటర్‌కు బదులు బోరు నీళ్ళు నింపుతూ వచ్చాడు, ఈ విషయం ఇప్పుడే నా దృష్టికి వచ్చింది. ఇంగ్లీషు ఎప్పుడూ లేనంత సాఫీగా సాగింది.

అతను వెనకనుంచి తెరమీదికి వంగాడు.

"నా పేరుండాదా సార్ అందులో?"

"ఉంది."

"యాడ?"

వేలుపెట్టి చూపించాను. కళ్ళద్దాలు సవరించుకొని చాలాసేపు చూశాడు. "ఇంగ్లీషులో ఇంత పొడుగుంటాదా!" అని నవ్వాడు. "ముందూ ఎనకా ఏం రాసినారో చదవండి సార్. తెలుగులో చెప్పండి."

నేను నోరు తెరిచాను. 'నాకు తెలియకుండా' అన్న మాటను అతని ముఖంలోకి చూస్తూ తెలుగులో చెప్పాలి. యంత్రం పోయిన రోజున, "సార్, నీళ్ళెట్లా?" అని అడిగింది అతనే. "బోరువి పొయ్యవయ్యా, ఎవరు చూడొచ్చారు?" అన్నది నేను. అతని కూతురి పెళ్ళికి మా ఇంటిల్లిపాదీ వెళ్ళి భోంచేశాం. ఇంగ్లీషులో అంత సాఫీగా సాగిన వాక్యం తెలుగులో బయటికి రాలేదు.

"కాదులేవయ్యా. ఇది బాగలేదు. మళ్ళీ రాస్తాను," అని చెరిపేశాను.

"నా పేరు గూడా పోయినాదా?"

"పోయింది."

"అయ్యో," అన్నాడు. నిజంగానే కొంచెం బాధపడ్డాడు.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. కంప్యూటరూ పోయింది, కాలేజీ ఇంటర్నెట్టూ పోయింది. మూడు కావస్తోంది. తెల్ల కాగితం తీసుకొని చేత్తో రాయడం మొదలుపెట్టాను. నిజం రాయడానికి నా దగ్గర ఉన్న ఇంగ్లీషు చాలలేదు. ఆ నాలుగు పేరాల్లో ఒక్క మాట కూడా దీనికి పనికిరాలేదు. ఐదు కాగితాలు చింపాను. చివరికి చిన్న చిన్న వాక్యాలుగా, పిల్లలకు పాఠం చెప్పినట్టు రాశాను. యంత్రం ఎప్పుడు పోయింది. నీళ్ళు ఎవరు పోయమన్నారు. రిజిస్టరులో ఎవరు సంతకం పెట్టారు. ఆ అమ్మాయి రెండు ఫ్లాస్కులు ఎలా తెచ్చింది, నేనేమన్నాను. ఆమె రాసిన వాక్యాన్ని ఎర్ర సిరాతో ఎవరు కొట్టేశారు. ఆమె రీడింగు సరైనది, మార్కులు తప్పు. ఇద్దరికీ ఒకే ఉత్తరం పంపింది సోమరితనంతో. ఇంతకుముందు పంపినవన్నీ కూడా అవే.

నాలుగుంబావయింది. దీన్ని ఇప్పుడు ఫోనులో ఎక్కించాలి. అందులో నాకు ఒక్క వేలితో కొట్టడమే వచ్చు, ఒక పేజీకి ఒక పూట పడుతుంది. మెట్లమీద మా వీధి అబ్బాయి కూర్చొని ఉన్నాడు, తన సంగతి తేలేదాకా కదలనన్నట్టు. ఇలాంటి ఉత్తరాలు అభ్యర్థులకు చూపించకూడదని నిబంధన. నిబంధనలు గుర్తుచేసుకునే స్థితిలో లేను.

"ఒరే, రెండు బొటనవేళ్ళతో కొడతావే, అట్లా కొట్టు," అని కాగితాలూ ఫోనూ ఇచ్చాను.

కొడుతూ పోయాడు. నా స్పెల్లింగులు కూడా సరిచేస్తున్నాడు. మొదటి కాగితం అయింది, రెండోది అయింది. మూడో కాగితం సగంలో వేళ్ళు ఆగాయి.

"సార్, ఇది నా గురించేనా?"

"నీ గురించే."

అక్కడ నేను రాసింది ఇది: ఈ అబ్బాయి చురుకైనవాడు, శ్రద్ధ గలవాడు, అతనికి కూడా ఆ అమ్మాయికి వచ్చిన రీడింగే వచ్చి ఉంటుంది, నేను ఒప్పుకోనని తెలిసి నాకు కావలసిన అంకె రాశాడు, అలా రాయడం నేర్పింది నేను.

"తీసెయ్యమంటే తీసేస్తాన్రా," అన్నాను. ఇరవై ఏళ్ళ కుర్రవాడి నెత్తిన అంత బరువు పెట్టకూడదు. పెట్టాను.

వాడు తల ఎత్తలేదు. కాగితంలో ఒక మాట మీద వేలుపెట్టి, "'వచ్చి ఉంటుంది' అని రాసినారు సార్," అన్నాడు.

"అవును. నేను చూడలేదు గదా."

"వచ్చింది సార్. మూడుసార్లు చేసినాను, మూడుసార్లూ ఎక్కువే వచ్చింది. రఫ్ నోటులో ఉండాది. 'వచ్చింది' అనే పెడతా."

పెట్టాడు. పంపబోతే సిగ్నలు లేదు. ఆ ఫోను పట్టుకొని నేను ఉదయగిరి కోట ఉన్న కొండ సగం ఎక్కానని చెబుతుంటాను. నిజానికి కాలేజీ మేడ మెట్లు. అవే ఇరవై ఉంటాయి, పైకెళ్ళేసరికి ఆయాసం వచ్చింది. నా వెనక వాడు, వాడి వెనక అటెండరు, ఎక్కడినుంచి వచ్చిందో ఆ అమ్మాయి. నలుగురం మేడమీద ఫోనును ఆకాశానికి చూపిస్తూ ఒక మూలనుంచి ఇంకో మూలకు తిరిగాం. ఐదుకు ఎనిమిది నిమిషాలుందనగా వెళ్ళింది. అమ్మాయి ఏం రాశారని అడగలేదు. "పోయినాదా సార్?" అని మాత్రం అడిగింది.

వారం తర్వాత ఇద్దరికీ ఇంటర్వ్యూ పిలుపులు వచ్చాయి. నాకు వచ్చింది వేరే పిలుపు. ప్రిన్సిపాలు భయపడినట్టే ఆ మెయిలు పై ఆఫీసుకు చేరింది, సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. ఇచ్చాను. ఏడేళ్ళుగా రాని కొత్త యంత్రం ఆ మెమో పుణ్యమా అని ఇరవై రోజుల్లో వచ్చింది. అటెండరు దానికి పసుపు బొట్టు పెట్టాడు. నా పింఛను కాగితాలు చాలా నెలలు నలిగాయి. శాలువా మాత్రం కప్పారు, ప్రిన్సిపాలు కప్పుతూ నా ముఖంలోకి చూడలేదు.

మా వీధి అబ్బాయికి రాలేదు. ఇంటర్వ్యూలో వాణ్ణి బాగానే మాట్లాడించారట, కానీ ఉన్నవి కొన్ని సీట్లు. వాళ్ళ నాయన రచ్చబండమీద, "వాడి మేలు కోరి ఆయన వెంట పంపిస్తే మావోడి సీటు మావోడి చేత్తోనే పోగొట్టినాడు," అన్నాడు. అది అన్యాయమైన మాట అనలేను. ఆయన నాతో మాట్లాడటం మానేశాడు. కుర్రవాడు తిరుపతిలో ఎమ్మెస్సీ చేశాడు, కనిపిస్తే నిలబడి పలకరిస్తాడు. వాడికి నేను అన్యాయం చేశానా, న్యాయం చేశానా అని ఇప్పటికీ కొన్నిరోజులు వీధిలో అటూ ఇటూ తిరుగుతుంటాను. తేలలేదు.

దుత్తలూరు అమ్మాయి మార్కులు దిద్దమని యూనివర్సిటీకి మూడు అర్జీలు పెట్టాను. ఒకసారి వేసిన ప్రాక్టికల్ మార్కులు మార్చే నిబంధన లేదన్నారు. నేను వేసినవి వేసినట్టే ఆమె మార్కుల జాబితాలో ఉన్నాయి, ఎక్కడికి వెళ్ళినా ఆమె వెంటే వెళతాయి.

ఫలితం వచ్చిన రోజు ఆమె ఫోను చేసింది. వెనక తల్లి గొంతు, ఇంకా ఎవరెవరివో గొంతులు.

"సార్, వచ్చింది సార్. ఫెలోషిప్పు వచ్చింది."

"ఇంటర్వ్యూలో ఏం అడిగినారమ్మా?" అన్నాను.

"అరగంట నీళ్ళ గురించే సార్. బ్యాటరీ నీళ్ళు ఎందుకు తేవాలనిపించింది, వాన నీళ్ళయితే ఏమయ్యేది, అట్ట. ఆఖర్లో ఒక మేడం నా మార్కుల కాగితం చూపించి, ఈ ప్రాక్టికల్ మార్కులు చూస్తే నీకేమనిపిస్తుంది అని అడిగింది."

"నువ్వేమన్నావు?"

"అవి నాకొచ్చిన మార్కులు కాదు మేడం, మా సారుకొచ్చిన మార్కులు అన్నాను. అందరూ నవ్వినారు సార్. బయటికొచ్చినాక భయమేసింది. తప్పుగా అన్నానా?"

వీధి అరుగుమీద నిలబడి ఉన్నాను. అప్పటిదాకా తిరుగుతూనే ఉన్నవాణ్ణి అక్కడే కూర్చున్నాను.

"లేదమ్మా," అన్నాను. "రీడింగు కరెక్టుగానే తీసినావు."